కుదురు మరిచిన కాళ్ళు

నగరాల్లో చేతితో మట్టి పాత్రలు చేసే స్టూడియోల్లో ఒక ప్రశ్న పదేపదే వస్తుంటుంది. పాత్రకు కాళ్ళు పెట్టాలంటే ప్రేరణ ఎక్కడ వెతుక్కోవాలి? జవాబులూ సిద్ధంగానే ఉంటాయి. జంతువుల కాళ్ళు చూడండి, చెట్ల వేళ్ళు చూడండి, పాత మంచం కోళ్ళు చూడండి, మ్యూజియంకు వెళ్ళండి, ఆదివాసీ కళను చూడండి. ఈ వరసలో మా పేరు మంచం కోడు తర్వాత వస్తుంది. సరే, పిలిచారు కదా అని ఆ ప్రశ్నను మేమూ ఒకసారి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాం.

ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. మా ఇళ్ళలో కుండకు కాళ్ళు లేవు. గోండు గూడెంలోనైనా, కోయ గుంపులోనైనా, కొండరెడ్డి ఇంట్లోనైనా వంటకుండ, నీళ్ళకుండ, గంజికుండ, అన్నిటికీ అడుగు గుండ్రమే. వాటిలో చాలావరకు మేం చేసినవి కూడా కావు. సంతలో కుమ్మరి దగ్గర కొన్నవి. ‘ఆదివాసీ కుండ’ అని ఫొటో కింద రాసేవాళ్ళు ఈ సంగతి రాయరు. ఆ కుండలో కుమ్మరి చెయ్యి ఉంది, మా పొయ్యి మసి ఉంది. రెండూ కలిస్తేనే అది ఆ కుండ.

చక్రం మీద చేసిన కుండను చేతితో చేసిన కుండ అనవచ్చా అని ఎవరైనా అడగొచ్చు. చక్రం మీద లేచేది మూతి, మెడ, దళసరి గోడ మాత్రమే. చక్రం మీంచి కోసి తీసినప్పుడు అడుగు ఇంకా పూర్తికాదు. కాస్త ఆరాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి గోడను పలచన చేసి, అడుగును గుండ్రంగా మూస్తారు. కుండకు అసలు అవసరమైన భాగం, నిప్పును తట్టుకునే భాగం, చేతితోనే తయారవుతుంది. గుండ్రటి అడుగుకు మూల ఉండదు. మూల లేనిచోట వేడి ఒకచోట గూడుకట్టదు, పగులు పుట్టడానికి చోటు దొరకదు. కట్టెల మంట కుండ కడుపును నాలుగువైపులా నాకుతూ పైకి పోతుంది. బల్లపరుపు అడుగుతో ఈ పని కుదరదు.

మరి గుండ్రటి కుండ ఎలా నిలబడుతుంది? పొయ్యి మీద మూడు రాళ్ళు దాన్ని పట్టుకుంటాయి. నేల మీద కుదురు పట్టుకుంటుంది. నెత్తి మీద చుట్టకుదురు పట్టుకుంటుంది. అలికిన మట్టి నేలలో చిన్న గుంట చేసి కూర్చోబెడితే గింజల కుండ అక్కడే ఏళ్ళ తరబడి ఉంటుంది. అంటే కుండకు కాళ్ళు లేకపోలేదు. అవి కుండకు అతికి లేవు, అంతే. పొయ్యిలో ఒక జత, నేల మీద ఒక జత, మనిషి నెత్తిన ఒక జత. కుండ ఎక్కడికి పోతే అక్కడి కాళ్ళ మీద నిలబడుతుంది. తెలుగులో ‘అడుగు’ అంటే పాత్ర కిందిభాగమూ అదే, మనిషి వేసే అడుగూ అదే. ‘కుదురు’ అంటే గడ్డితో చుట్టిన వలయమూ అదే, మనసు నిలకడా అదే. ఈ మాటలు పుట్టిన ఇళ్ళలో కుండను నిలబెట్టడం అనేది కుండ ఒక్కదాని పని కాదు.

కేస్లాపూర్ నాగోబా జాతర ఇందుకు మంచి ఉదాహరణ. పుష్య మాసం అమావాస్యకు జరిగే ఆ పూజకు మెస్రం వంశీకులు కావలసిన కుండలను సిరికొండలో కుమ్మరి కుటుంబం చేత చేయించుకుంటారు. ఆ కుండలతో ఆడవాళ్ళు నీళ్ళు తెస్తారు. ఆ నీళ్ళతో మట్టి కలిపి ఇంటి ఆడపడుచులు, అల్లుళ్ళు పుట్టలు కడతారు. చేతితో మట్టిని నిలబెట్టడం అంటే మాకు ముందుగా గుర్తొచ్చేది ఆ పుట్ట. దానికీ కాలు లేదు. నేలలోంచే లేస్తుంది. కుండ ఇక్కడ చూపుడు వస్తువు కాదు, నీళ్ళు మోసే పనిముట్టు. ఆ వరసలో కుమ్మరికి చోటుంది, ఆడపడుచుకు చోటుంది, అల్లుడికి చోటుంది. స్టూడియో వెతికే ‘ఆకారం’ ఒక్కదాన్నే ఇందులోంచి ఊడదీస్తే చేతికి వచ్చేది సంతలో దొరికే మామూలు కుండ.

కాళ్ళున్న మట్టి పాత్రలు ఈ నేల మీద ఎప్పుడూ లేవా అంటే ఉన్నాయి. కానీ అవి చనిపోయినవాళ్ళవి. దక్షిణాదిన ఇనుపయుగపు పెద్దరాతి సమాధుల్లో తొట్టి ఆకారంలో మట్టి శవపేటికలు దొరికాయి. అడుగున వరసలు వరసలుగా పొట్టి గొట్టం కాళ్ళు. అలెగ్జాండర్ రే 1880ల చివర మద్రాసు దగ్గర పల్లవరంలో ఇలాంటివి బయటపెట్టాడు. కడప జిల్లా శంఖవరంలో దొరికినదైతే ఏకంగా తల ఉన్న జంతువు ఆకారం. అది ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. చక్రం మీద తిప్పడానికి వీలుకానంత పెద్దవి ఇవి. చేతితోనే కట్టారు.

ఈ పేటికల దగ్గర కాస్త ఆగాలి. మూడు కాళ్ళుంటే ఎలాంటి ఎగుడుదిగుడు నేల మీదైనా నిలుస్తుంది. ముక్కాలిపీట ఊగదు. నాలుగు కాళ్ళ మంచం ఊగుతుంది, ఒక కోడు కింద పెంకు ముక్క పెడతాం. అంత పొడుగు తొట్టికి మూడు కాళ్ళు చాలవు, మధ్యలో వంగి విరుగుతుంది. అందుకని బరువును చాలా చోట్లకు పంచాలి. ఇంతవరకు ఇది పనితనం లెక్క. కానీ మట్టిలో పాతిపెట్టే పెట్టెకు నేల మీద నిలబడే అవసరం ఎంత? పోయినవాళ్ళు నేలను తాకకూడదనుకున్నారా, ఆ పెట్టెను నడిచే జంతువుగా తలచుకున్నారా అంటే, శంఖవరం పేటిక తల చూసినప్పుడు రెండోదే మాకు బలంగా తోస్తుంది. ఇది మా చదువు మాత్రమే. ఆ సమాధులు కట్టినవాళ్ళు మా తాతలని మేం దావా వేయడం లేదు. పోయినవాళ్ళకు రాయి నిలబెట్టే ఆనవాయితీ బస్తర్ మాడియాల్లాంటి మావాళ్ళలో ఉంది కాబట్టి, ఆ పెట్టె ముందు నిలబడితే మాకు చావు గుర్తొస్తుంది. పళ్ళ గిన్నె గుర్తుకురాదు. అదే కాళ్ళ వరసను పళ్ళ గిన్నె కింద పెట్టి ‘ప్రాచీన స్ఫూర్తి’ అని చీటీ తగిలించినప్పుడు మాకు కోపం కన్నా ముందు వచ్చేది ఆశ్చర్యం. చేసినవాళ్ళకు అది శవపేటిక అని తెలుసా? తెలిసి చేస్తే అది వాళ్ళ ధైర్యం, దాన్ని గురించి మాట్లాడుకోవచ్చు. తెలియక చేస్తే అది బొమ్మల పుస్తకంలోంచి కత్తిరించిన కాగితం ముక్క.

దూరదేశాల వైపు చూసినా ఇదే తేలుతుంది. చైనాలో నాలుగు వేల ఏళ్ళకు పైబడిన లుంగ్‌షాన్ కాలపు మట్టిపాత్రల్లో ‘లీ’ అనే దానికి మూడు లావు కాళ్ళుంటాయి. లోపల బోలు. చూడ్డానికి ఆవు పొదుగులా ఉంటుంది. కుండలో పోసిన నీళ్ళు కాళ్ళలోకీ దిగుతాయి, మంట తగిలే మేర పెరుగుతుంది, తొందరగా కాగుతుంది. అంటే పొయ్యి రాళ్ళనూ కుండ అడుగునూ కలిపి ఒక్కటి చేశారు. దాన్ని అలంకారం అనడం వంటచేసే మనిషిని అవమానించడమే. మట్టిలో పుట్టిన ఆ మూడు కాళ్ళు తర్వాత కంచులోకి పోయి రాజుల పూజాపాత్రలయ్యాయి.

మెక్సికో, మధ్య అమెరికా మూలవాసులకు స్పెయిన్‌వాళ్ళు వచ్చేదాకా కుమ్మరి చక్రం లేదు. అన్నీ చేతి కుండలే. కాళ్ళ విషయంలో వాళ్ళంత ఆడుకున్నవాళ్ళు మరొకరు లేరేమో. మాయా ప్రజల పాత్రలు కొన్ని రొమ్ముల్లాంటి నాలుగు బోలు కాళ్ళ మీద నిలబడతాయి. లోపల మట్టి గుళికలు వేసి కాల్చారు, పాత్ర కదిపితే గలగలమంటుంది. తెయోతివాకాన్ నగరంలో గొట్టంలాంటి పాత్రలకు పలకల్లాంటి మూడు కాళ్ళు. మిక్స్‌టెక్ గిన్నెలకు పాము తలలే కాళ్ళు. ఈ బోలు కాలుకు ఒక రంధ్రమో చీలికో ఉంటుంది. గుళికల చప్పుడు బయటికి రావడానికే కాదు, మట్టిలో మిగిలిన తడి ఆవిరై బయటపడ్డానికి కూడా. ఆ దారి లేకుండా పూర్తిగా మూసేసిన బోలు కాలును తడి ఆరకుండా కాలిస్తే పగిలిపోతుంది. బొమ్మ చూసి ప్రేరణ పొందినవాళ్ళు మొదటి ఆవంలో నేర్చుకునే పాఠం సాధారణంగా ఇదే.

మాకు వీటన్నిటికన్నా దగ్గరగా అనిపించేది కటావ్‌బా ప్రజల కథ. అమెరికా దక్షిణ కరోలినాలో నది ఒడ్డు మట్టితో, చక్రం లేకుండా, మట్టి తాళ్ళు పేర్చి కుండలు చేస్తారు. నున్నటి రాళ్ళతో తోముతారు, ఆ రాళ్ళు తల్లి నుంచి కూతురికి వస్తాయి. పూత వేయరు. బహిరంగ మంటలో కాలిస్తే నలుపూ గోధుమా కలిసిన మచ్చలు పడతాయి. వాళ్ళ కుండల్లో బాగా పేరున్న ఒకదానికి మూడు కాళ్ళున్నాయి. ఆ కాళ్ళు తెల్లవాళ్ళ ఇనుప వంటపాత్రల నుంచి వచ్చినవి. తమ భూమిలోకి వచ్చి కూర్చున్నవాళ్ళ వస్తువును చూసి, దాని కాళ్ళను తమ మట్టిలోకి తెచ్చుకుని, కొనేవాళ్ళకు అమ్మి బతికారు. చైనాలో మట్టి కాళ్ళు లోహంలోకి పోతే ఇక్కడ లోహపు కాళ్ళు మట్టిలోకి వచ్చాయి. కాబట్టి ‘అసలైన ఆదివాసీ ఆకారం’ అని ఎవరైనా అన్నప్పుడు మేం కాస్త అనుమానంగా చూస్తాం. అరువు తెచ్చుకోవడం మాకూ తెలుసు. తేడా ఎక్కడంటే, కటావ్‌బా కుండకు ఆ కాళ్ళు ఎందుకు వచ్చాయో చెప్పే చరిత్ర ఉంది, అది వాళ్ళు పడ్డ కష్టంలో భాగం. మా కుండ బొమ్మను తీసుకుపోయినవాళ్ళ చేతిలో అలాంటి చరిత్ర ఏదీ కనిపించదు.

మేం కాళ్ళకు వ్యతిరేకులం కాదు. మట్టి నేలలు పోతున్నాయి. కాలనీ ఇళ్ళలో సిమెంటు, నాపరాళ్ళు, టైల్సు. వాటిమీద గుండ్రటి కుండ దొర్లుతుంది. గ్యాస్ పొయ్యి మీద అంతకన్నా దొర్లుతుంది. రోడ్డు పక్కన అమ్మే నీళ్ళకుండలకు ఇప్పుడు బల్లపరుపు అడుగు, పక్కన ప్లాస్టిక్ కుళాయి. కుమ్మరికి ఆ మార్పు అవసరమైంది, చేశాడు, దానికి ఎవరూ ప్రేరణ అని పేరు పెట్టలేదు. రేపు ఒక గోండు అమ్మాయి చదువుకుని మట్టిపని నేర్చుకుని టైల్సు నేల మీద నిలిచేలా గంజికుండకు మూడు కాళ్ళు పెడితే మేం మెచ్చుకుంటాం. అయితే పని తీరుగా చెయ్యమంటాం. కాలు కుండ కన్నా పలచన కాబట్టి ముందే ఆరిపోతుంది, అతుకు దగ్గర చీలుతుంది. రెండూ ఒకే తడి మీద ఉండగా, గీతలు గీసి, జారుమట్టి పూసి, నొక్కి అతకాలి. ఆపైన గుడ్డ కప్పి మెల్లగా ఆరనివ్వాలి. కాళ్ళు కుండ బరువు కిందికి రావాలి, బయటికి చాచుకుంటే తన్నుకుపోయి పడేసేవే ఎక్కువ.

ఈ మాటలు కుండలకే పరిమితం కావు. ఆదివాసీల మీద వస్తున్న కథల్ని చదివేటప్పుడు కూడా మాకు ఈ అతుకే కనిపిస్తోంది. కథ శరీరం పట్నంలో తయారవుతుంది. కింద మూడు కాళ్ళు తగిలిస్తారు: ఇప్పసారా ఒకటి, డోలు ఒకటి, అర్థం చెప్పని రెండు గోండి మాటలు ఒకటి. శరీరం ఆరిపోయాక అతికించినవి కాబట్టి చెయ్యి వేస్తే ఊడి వస్తాయి. ఇప్పసారా తీసేసి చూడండి, కథలో ఏమీ మారదు. మావాళ్ళు రాసిన కథల్లోనూ ఇది ఉంది, ఎందుకంటే ఆ కాళ్ళను చూసే పత్రికలు వేసుకుంటున్నాయి. పోడు భూమి పట్టా గురించి రాసిన కథలో ఒక్క ఆచారమూ లేదనీ, ఆదివాసీతనం తక్కువగా ఉందనీ తిప్పి పంపిన సంపాదకులు ఉన్నారు. ఆ కథకు కాళ్ళు లేకపోవడం కాదు. దాని కుదురు మూడెకరాల పోడులో ఉంది, వాళ్ళు అక్కడికి చూడలేదు.

మ్యూజియంల సంగతి ఇంకొకటి చెప్పాలి. మేం చూసిన గదుల్లో గుండ్రటి కుండలన్నీ నిలబడే ఉన్నాయి. వంగి చూస్తే ప్రతి దాని కింద ఒక వలయం ఉంటుంది. కొన్నిచోట్ల ఇనుము, కొన్నిచోట్ల గాజులా కనిపించే ప్లాస్టిక్. అద్దాల పెట్టెలోకి వచ్చాక కూడా కుదురు లేకుండా వాటిని నిలబెట్టడం ఎవరివల్లా కాలేదు. పక్కన చీటీ మీద ఊరి పేరు ఉంది, కాలం ఉంది, ఎత్తు సెంటీమీటర్లలో ఉంది. ఆ వలయం మాట లేదు.