పెద్ద జట్టు ఏది?

కాలిబంతి యాటను గూర్చి మాటలాడునపుడు ప్రతివాడును తన జట్టే పెద్దదనును. పెద్దతనమనగా నేమి యని యడిగినచో గెలిచిన కప్పులను లెక్కించి చూపును. ఆ లెక్కయే ప్రమాణమైనచో మన హైదరాబాదునకు సాటివచ్చు నగరములు ఈ దేశమున బహు స్వల్పము. అయినను ఆ పేరు నేడు మన యిండ్లలో నెందరు పిల్లలకు తెలియును? గెలుపునకును గొప్పదనమునకును గల యీ యెడమును విచారింపవలసియున్నది.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొనెను. 1950 నాటి డ్యూరాండ్ కప్పు పోటీలో కలకత్తా మోహన్ బగానును ఓడించెను. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీము వృత్తిచే బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణపతకములు సాధించెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమందెను. 1963లో రహీము కన్నుమూసెను.

ఇది పొరుగువారి ముచ్చట యని శక్తినగరవాసులమైన మన మనుకొనరాదు. రాయచూరు జిల్లా 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. ఆ యైదు కప్పులు వచ్చినప్పుడు ఈ సీమకు రాజధాని హైదరాబాదే. కృష్ణ యొడ్డున మన విద్యుత్కేంద్రము వెలసినది మూడు దశాబ్దముల తరువాత.

అట్టి జట్టు జనుల నాలుకలపై నేల నిలువలేదు? నా యూహ యిది: అది కొలువు జట్టు. ఆటగాడు ఉద్యోగి, ప్రేక్షకుడు ప్రేక్షకుడే. చందా చెల్లించి, సభ్యుడై, ఎన్నికలలో ఓటువేసి, ఇది నాది యని చెప్పుకొనుటకు సామాన్యునకు ద్వారము లేదు. 1889లో పుట్టిన మోహన్ బగాను మార్గము వేరు. అది సభ్యుల సంఘము. 1911లో ఐ.ఎఫ్.ఏ. షీల్డు పోటీలో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును ఓడించిననాడు ఆ గెలుపును వంగదేశము తన గెలుపుగా నెంచుకొనెను. నాటినుండి తండ్రి కొడుకునకు ఆస్తితోపాటు జట్టును గూడ నొప్పగించుచున్నాడు.

1920లో స్థాపితమైన ఈస్ట్ బెంగాల్ కథ మనబోటి వలసజనులకు మరింత యాలోచింపదగినది. 1947 దేశవిభజనముచే ఇల్లు వాకిలి విడిచి కలకత్తా చేరినవారికి ఆ జట్టు పోయిన యూరికి మారుగా నిలిచెను. అది గెలిచిననాడు వారి యిండ్లలో పులసచేప వండుకొందురు. మోహన్ బగాను గెలిచిననాడు ఎదుటి పక్షమువారు రొయ్యలు వండుకొందురు. వంటయింటిలోనికి వచ్చిన జట్టును మైదానమున నెన్నిసార్లు ఓడించినను తుడిచివేయలేరు. సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాము 1957లో ఆ జట్టున చేరి వారి గుండెలలో స్థానము సంపాదించుకొనుట మనకు గర్వకారణమే. కాని అట్టి యాటగానిని తనవానిగా నిలుపుకొను సంఘము మనకు లేకపోవుట చింతింపదగినది.

ధనము జట్టును పెద్దది చేయునా? 2019లో హైదరాబాదు పేర నొక వృత్తిజట్టు ఏర్పడెను. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు విజేతయయ్యెను. కోవిడు కారణమున ఆ యేటి పోటీలన్నియు గోవాలోనే జరిగినందున సొంత నగరమువారు తమ గడపలో ఆ జైత్రయాత్రను చూడనేలేదు. అనంతరము ఆర్థికపు చిక్కులు మొదలయ్యెను. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలి పేరు సహితము మార్చుకొనెను. యజమాని యెత్తుకొని పోగలిగినది జట్టు కావచ్చునుగాని క్లబ్బు కాదు. ఎవరి దుఃఖములోను వేళ్లూనని కప్పు అలమారలోని లోహమే.

ఇక మన పిల్లల మాట. వారిలో పలువురు 2013లో వెలసిన బెంగుళూరు జట్టు నీలిచొక్కా తొడుగుచున్నారు. కొందఱు పెద్దలకిది నొప్పి. తెలుగుదనము సడలుచున్నదని వారి భయము. నేను వారితో నేకీభవింపను. జట్టును మనుష్యుడు మూడు విధముల నెన్నుకొనును: తండ్రినుండి, నివసించు నేలనుండి, గెలుపునుండి. మూడవది అన్నిటికంటె చవుక. ఓటమితో నది చెదరిపోవును. మొదటిదానిని మన మీయలేదు, ఏలయన పిల్లలకు చూపుటకు మన జట్టు నిలువలేదు. మిగిలినది రెండవది. ఉప్పు తిన్న నేలకు జేజేలు కొట్టుట మాతృభాషకు ద్రోహము కానేరదు. ఓడిన సాయంకాలమున గూడ ఆ చొక్కా విడువకున్న బిడ్డను మెచ్చుకొనవలెను.

అయితే మన బాధ్యత యొకటి మిగిలియున్నది. ఆ బిడ్డకు రహీము కథ చెప్పవలెను. పేదబడి పంతులొకడు మన పాత రాజధానిలో నెట్టి జట్టును మలచెనో, దానికి సభ్యులమై నిలువలేని మనవారు దానినెట్లు పోగొట్టుకొనిరో దాచక చెప్పవలెను. సంఘమునకు సభ్యులే ప్రాణమన్న పాఠము బంతియాటకు మాత్రమే చెందినది కాదు. ఈ సంచికను వెలువరించుచున్న మనకును చెందినదే.