ఎవరి మాట ఎవరిదో

గురజాడ నాటకం కన్యాశుల్కం మీద పరిశోధన వ్యాసం రాయబోయే విద్యార్థి మొదటి రోజే తేల్చుకోవలసిన సంగతి, ఏ కన్యాశుల్కం అన్నది. 1892లో ప్రదర్శించి 1897లో అచ్చువేసిన నాటకం అయిదంకాలది. 1909లో వచ్చిన రెండో కూర్పు ఏడంకాలది, దాదాపు తిరగరాసినది. మధురవాణి పాత్రకు ఇప్పుడు మనకు తెలిసిన నిండుతనం వచ్చింది ఈ రెండోసారే. కాబట్టి నోట్సులో "గురజాడ మధురవాణిని గొప్పగా చిత్రించాడు" అని మాత్రం రాసుకుంటే ఆర్నెల్ల తర్వాత అది ఎందుకూ కొరగాదు.

ప్రతుల దగ్గర ఈ పట్టింపు మనకు కొత్త కాదు. 1829లో వేమన పద్యాలు అచ్చువేసే ముందు బ్రౌన్ ఎన్నో రాతప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి వాటిని పోల్పించాడు. ఏ పాఠం ఏ ప్రతిలోదో గుర్తుంచుకోకపోతే ఆ పని ఒక్క అడుగు కూడా సాగేది కాదు.

అలా గుర్తుంచుకోవడానికి నోట్సును కార్డుల మీద రాసుకున్న తరానికి సరంజామా చాలా తక్కువ. పోస్టుకార్డంత అట్టముక్కలు, వాటికో డబ్బా. ఒక కార్డుకు ఒకే సంగతి. నోటుపుస్తకంలో రాసింది రాసిన వరసలోనే ఉండిపోతుంది. కార్డులైతే బల్లమీద పరిచి అటూ ఇటూ జరుపుకోవచ్చు, అలా జరుపుతుండగానే వ్యాసం ఒక దారికి వస్తుంది.

ఒక కార్డు చూద్దాం. పైన శీర్షిక "మధురవాణి, మగవేషం". నడుమ, ఆమె మారువేషంలో సౌజన్యారావు దగ్గరికి వెళ్లిన ఘట్టం రెండు వాక్యాల్లో, పరిశోధకుడి మాటల్లో. తప్పనిసరిగా కావలసిన సంభాషణ ఒక్కటి కొటేషన్ గుర్తుల మధ్య, మక్కికి మక్కి. కింద రెండో కూర్పు, ఏడో అంకం, చేతిలో ఉన్న ప్రతిని ఎవరు ఎప్పుడు వేశారో, పుట ఎంతో. కార్డు వెనక ఎర్రసిరాతో "తొలి కూర్పుతో పోల్చాలి" అని. ఎర్రసిరా సొంత ఆలోచనకు మాత్రమే. రచయిత మాట, దాని సారాంశం, తన ఊహ ఒకే సిరాలో కలిసిపోయాయంటే ఆనక విడదీయడం బ్రహ్మతరం కాదు. గ్రంథచౌర్యమని మనం దుమ్మెత్తిపోసే వాటిలో కొన్ని దొంగబుద్ధితో చేసినవి కావు, కొటేషన్ గుర్తు పెట్టుకోని బద్ధకం వల్ల జరిగినవి. అయినా తప్పు తప్పే.

ఎత్తిరాయడం సులువనుకుంటాం గానీ చెయ్యి మన మాట వినదు. పుస్తకంలో "యెందుకు", "వొక" అని ఉంటే కలం తనంతట తాను "ఎందుకు", "ఒక" అని దిద్దేస్తుంది. అరసున్నల, బండి ఱల సంగతి సరేసరి. పుస్తకం మూయకముందే అక్షరమక్షరం సరిచూసుకోవాలి.

గురజాడ డైరీలు చాలావరకు ఇంగ్లీషులో రాసుకున్నవి. తెలుగులో దొరికేది అవసరాల సూర్యారావు అనువాదం. అందులోంచి ఒక వాక్యం లాగి గురజాడ తెలుగు శైలిని మెచ్చుకుంటే నవ్వులపాలవుతాం. కార్డు మీద అనువాదకుడి పేరుంటే ఆ ప్రమాదం తప్పుతుంది.

పాత పత్రికలతో ఇంకో చిక్కు, తెలుగు సంవత్సరాలు. భారతి పత్రిక మొదలైన 1924 జనవరి రుధిరోద్గారిలోది, ఆ ఉగాది దాటాకే రక్తాక్షి. పైగా ప్రతి పేరూ అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. రెండు లెక్కలూ రాసుకోవడమే క్షేమం.

వేటపాలెం సారస్వత నికేతనం వంటి చోట, ముట్టుకుంటే పొడి రాలే పాత సంపుటాలకు ఫోన్‌తో ఫొటో తీసుకోవడం మంచిదే, అనుమతిస్తే. కానీ ఫొటో తీసినంత మాత్రాన చదివినట్టు కాదు. టైటిల్ పేజీ వదిలేసి వందల ఫొటోలు తీసుకోవడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

అన్నిటికన్నా నాకు ఒళ్లుమండేది, విమర్శకుడి పుస్తకంలో కనబడ్డ ఉటంకింపును దించుకుని, మూలం తామే చూసినట్టు పాదసూచిక పెట్టడం. అచ్చుతప్పుతో సహా ఒక సిద్ధాంత గ్రంథం నుంచి ఇంకోదానికి అది అలాగే పాకుతుంది. "ఫలానా పుస్తకంలో ఉటంకించినది" అని ఒక్క ముక్క రాస్తే పోయే పరువేమీ లేదు.

పరిశోధన చేయించే ఆచార్యులకు ఒక విన్నపం. వ్యాసం మీద సంతకం పెట్టే ముందు విద్యార్థిని కార్డులు తెమ్మనండి. ఏవైనా అయిదు తీసి, మూల గ్రంథం పక్కన పెట్టి చదివి చూడండి. ఒక పూట కూడా పట్టదు.