కృష్ణాతీరపు ఫిడేలును వినే తీరు

వాయులీన సోలో కచేరీలో గాత్రం ఉండదు. గాత్రం చేసే పనంతా నాలుగు తీగలూ ఒక కమానూ చేయాలి. నందివాడ, గుడివాడ, దివిసీమ పల్లెల్లో ఈ వాద్యాన్ని ఫిడేలనే అంటారు. హరికథ చెప్పే దాసుగారి పక్కన, మృదంగం సరసన విని పెరిగిన చెవులకు వాయులీనమన్నది పుస్తకాల మాట. పేరేదైనా, కొత్తగా వచ్చిన కచేరీ రికార్డింగు మేలైనదో కాదో తేల్చడానికి కొలత ఒక్కటే: ఆ ఫిడేలు పాడుతోందా, లేదా?

వాద్యం పుట్టిల్లు ఐరోపా. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దొరల బ్యాండు విని ముచ్చటపడి నేర్చుకున్నారని ప్రతీతి. కర్ర మారలేదు, ఆకారం మారలేదు. మారిందల్లా కూర్చునే తీరు, శ్రుతి. అక్కడివారు వాద్యాన్ని గడ్డం కింద పట్టి వాయిస్తారు. మనవారు చాప మీద కూర్చుని, ఫిడేలు తలను కుడి చీలమండ మీద ఆనించి, మొదలును రొమ్ముకు చేర్చుకుంటారు. రెండు చోట్ల ఆనుకున్న వాద్యాన్ని మోసే పని ఎడమచేతికి తప్పుతుంది. ఆ చెయ్యి తీగ పొడవునా హాయిగా జారుతుంది. తీగలు కూడా మంద్ర షడ్జం, మంద్ర పంచమం, మధ్య షడ్జం, మధ్య పంచమాలకు కుదురుతాయి.

జారడం ఎందుకో తెలియాలంటే తోడి రాగంలోని గాంధారం ఒక్కటి దగ్గరగా చూస్తే చాలు. కాగితం మీద అది సాధారణ గాంధారం, ఒక్క అక్షరం. వేలు దాని మీద కదలక నిలబడితే అది తోడి కాదు. రిషభం దరిదాపుల నుంచి వేలు లేచి, మధ్యమాన్ని తాకీ తాకనట్టు తాకి, దిగి, మళ్లీ లేవాలి. ఎక్కడా తీగను వదలకూడదు. ఈ ఊపంతా కమాను ఒకే లాగుడులో, ఒత్తిడి హెచ్చుతగ్గులు లేకుండా సాగాలి. కుడిచెయ్యి రవ్వంత కంగారుపడిందా, గాంధారం వెక్కిళ్లు పెడుతుంది. గొప్ప విద్వాంసుడి చేతిలో అదే గాంధారం పసిబిడ్డను ఊయలలో ఊపినట్టుంటుంది.

ఫిడేలు పాడాలంటే మొదటిది ఈ ఊపు, రెండోది సాహిత్యం. కృతి వాయించేటప్పుడు కమాను ఎక్కడ తిరగాలో పాటలోని మాటే చెబుతుంది. మాట నడుమ తిప్పితే పదం విరిగిపోతుంది. త్యాగరాజ కృతిని తెలుగు తెలిసిన చెయ్యి వాయిస్తే అక్షరాలు వినిపిస్తాయని కృష్ణాతీరపు రసికుల గట్టి నమ్మకం. అందులో అభిమానం పాలెంతైనా, చెవి పెట్టి వింటే నిజం పాలే ఎక్కువ.

మూడోది స్వేచ్ఛ. బీథోవెన్ 1806లో కూర్చిన వయొలిన్ కన్చర్టోలో ఆర్కెస్ట్రా ఆగి, వాయించేవారిని ఒంటరిగా విహరించమని వదిలే చోటుంది. దాన్ని కడెంజా అంటారు. బీథోవెన్‌కు సమకాలికుడైన త్యాగరాజు కృతుల చుట్టూ పెరిగిన మన కచేరీలో ఆ స్వేచ్ఛ ఒక్క చోటికి పరిమితం కాదు. ఆలాపన, తానం, నెరవు, స్వరకల్పన అన్నీ అప్పటికప్పుడు పుట్టవలసినవే.

ఈ విద్యలో తెలుగువారి శిఖరం ద్వారం వెంకటస్వామినాయుడు. విజయనగరం సంగీత కళాశాలకు విద్యార్థిగా చేరదామని వెళితే, ఆదిభట్ల నారాయణదాసు ఆయన వాద్యం విని అధ్యాపకుడిగా నిలుపుకున్నారంటారు. అది 1919. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలును నడిమధ్యన కూర్చోబెట్టి సోలో కచేరీలు చేసిన మహానుభావుడాయన. చూపు మందగించినా చెవి మందగించలేదు. పొడవాటి, నిండైన కమాను ఆయన సొత్తు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ ఆయనను వరించాయి. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల సంగీతం కోసం వెళ్లింది ఆయన ప్రిన్సిపాలుగా ఉన్న ఆ కళాశాలకే.

కృష్ణాతీరానికి తనదైన శిష్యపరంపరా ఉంది. త్యాగరాజు శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన శిష్యుడు దివిసీమలోని పెదకళ్లేపల్లి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారి శిష్యుల్లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గాత్రంతో పాటు వయోలా కూడా పట్టి మెప్పించారు. మరో శిష్యుడు అన్నవరపు రామస్వామి విజయవాడ ఆకాశవాణిలో దశాబ్దాలు వాయించి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. శాస్త్రిగారి మనుమడు, ‘నర్తనశాల’కు సంగీతం కూర్చిన సుసర్ల దక్షిణామూర్తి కూడా ఫిడేలు విద్వాంసుడే. ఒక్క కృష్ణాతీరంలో ఇంత సంపద ఉండగా, ఫిడేలంటే మద్రాసు పేర్లే వల్లించడం అన్యాయం.

పాత గ్రామఫోను పళ్లెం ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకే పట్టేది. ఆ ఇరుకులోనే రాగస్వరూపం చూపించారు నాటివారు. నేటి రికార్డింగుకు నిడివి కొరత లేదు, మరి రాగానికి ఎందుకీ కరువు? కమాను తిరిగే చప్పుడును శుభ్రం చేస్తున్నారు, స్వరాన్ని యంత్రంతో సరిదిద్దుతున్నారు, గుహలో వాయించినట్టు ప్రతిధ్వని పూస్తున్నారు. అలా కడిగితే పోయేది మురికి కాదు, మనిషి. అంతకన్నా ఘోరం కీబోర్డు మీద ఫిడేలు మీట. తోడి గాంధారానికి అక్కడ ఒక మెట్టు ఉంటుంది, ఊపు ఉండదు. చవగ్గా దొరుకుతుందని పెళ్లిపందిట్లో, హరికథ వేదిక మీద ఆ పెట్టెనే పెడుతున్నారు. ఒక తరం పిల్లలు దాన్నే ఫిడేలనుకుని పెరుగుతున్నారు. ఊళ్లో ఉత్సవం చేసే పెద్దలు ఏడాదికొక్క సాయంత్రమైనా అసలు ఫిడేలును పిలిపించాలి. మైకు ఒకటి చాలు, అదీ కొంచెం దూరంగా.

కొత్త రికార్డింగును వర్ణం నుంచి వరసగా వినాలి. వర్ణంలో రెండు కాలాల నడుమ శ్రుతి చెక్కుచెదరకుండా ఉందా? ఆలాపనలో మంద్ర తీగ మీద ఎంతసేపు నిలిచారు? తానంలో కమాను తునకలు తునకలుగా, తడబడకుండా తెగుతోందా? నెరవులో పల్లవి మాటలు గుర్తుపట్టగలుగుతున్నామా? తని ఆవర్తనంలో మృదంగం మోగుతుండగా ఫిడేలు నోరు మూసుకుని తాళం వేయడమే అందం. చివర మంగళం. అందులో ఆఖరి షడ్జానికి విద్వాంసుడు కమానును మొదటి నుంచి కొస దాకా నెమ్మదిగా లాగుతాడు, వెంట్రుకల కొస తీగను వదిలాక కూడా కర్రలో నాదం కొంచెంసేపు నిలుస్తుంది. రికార్డింగును అంతదాకా నడవనివ్వాలి. చాలామంది దాన్ని అంతకుముందే కత్తిరించేస్తున్నారు.