రెండు ‘స్టేబుల్’లు

అప్‌టైమ్ వెయ్యి రోజులు దాటిన సర్వర్‌ను చూపించి మురిసిపోయేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఒకరైనా ఉంటారు. నేనూ ఒకప్పుడు ఆ బాపతే. వెయ్యి రోజులు రీబూట్ చేయలేదంటే, చాలాసార్లు వెయ్యి రోజులుగా కెర్నెల్‌కు ప్యాచ్ వేయలేదనే అర్థమని తలకెక్కడానికి కొంతకాలం పట్టింది. ఆగకుండా తిరగడం గొప్పే కానీ, స్థిరత్వాన్ని తూచే తూకంరాయి అది కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఏ మార్పును, ఎప్పుడు, ఎవరి పూచీ మీద లోపలికి రానిస్తుందన్నది చూడాలి. అలా చూస్తే పక్కపక్కన పెట్టదగ్గవి డెబియన్, ఫ్రీబీఎస్‌డీ. రెండూ 1993లో పుట్టినవే. రెండింటినీ ఏ కంపెనీ సొంతం చేసుకోలేదు. రెండూ ‘స్టేబుల్’ అనే మాటే వాడతాయి. తమాషా అంతా ఆ మాటలోనే ఉంది.

డెబియన్‌లో స్టేబుల్ అంటే వండి, రుచి చూసి, వడ్డించిన విస్తరి. ఫ్రీబీఎస్‌డీలో స్టేబుల్ అంటే ఇంకా పొయ్యి మీదున్నది. అది అభివృద్ధి శాఖే. ఆ శాఖ కోసం కంపైల్ చేసిన ప్రోగ్రాములు రేపు కూడా నడిచేలా కెర్నెల్, లైబ్రరీల ఇంటర్‌ఫేస్ మార్చబోమన్నంత మేరకే ఆ పేరులోని హామీ. ప్రొడక్షన్‌లో పెట్టాల్సింది ‘రిలీజ్’ అన్న ముద్ర ఉన్నదాన్ని. డెబియన్ అలవాటుతో వచ్చినవాడు పేరు చూసి బోల్తా పడితే తప్పు వాడిదని నేననను.

డెబియన్ పద్ధతి మొండిది. కొత్త ప్యాకేజీ ముందు ‘అన్‌స్టేబుల్’లోకి వస్తుంది. పెద్ద బగ్గులేవీ బయటపడకుండా కొన్నాళ్లు గడిస్తే ‘టెస్టింగ్’లోకి జారుతుంది. అక్కడ నెలల తరబడి ఫ్రీజ్. రిలీజ్‌ను ఆపగల బగ్గులు తీరేదాకా విడుదల లేదు. 2002లో వుడీ అనే విడుదల వచ్చాక, తర్వాతిదైన సార్జ్ కోసం 2005 దాకా జనం ఎదురుచూశారు. 2023 జూన్‌లో వచ్చిన బుక్‌వర్మ్‌లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. అన్నీ ఒకే తాళానికి కట్టుబడి ఉంటాయి. విడుదలయ్యాక సామాన్యంగా వెర్షన్ పెంచరు. భద్రతా లోపం బయటపడితే కొత్త వెర్షన్ నుంచి ఆ దిద్దుబాటు ఒక్కటే కోసుకొచ్చి పాతదానికి అంటుకడతారు. అందుకే ఆడిట్ స్కానర్ వెర్షన్ నంబర్ చూసి ‘పాతది, ప్రమాదం’ అని గగ్గోలు పెడుతుంది. దిద్దుబాటు ఎప్పుడో పడిందని అడ్మిన్ ఏటా అదే ఈమెయిల్ రాస్తాడు. పాత చింతకాయ పచ్చడి అని వెక్కిరించేవాళ్లుంటారు. సర్వర్ గదిలో ఆ పచ్చడికే గిరాకీ.

ఫ్రీబీఎస్‌డీది సొంతిల్లు, అద్దె వాటాల పద్ధతి. కెర్నెల్, సీ లైబ్రరీ, షెల్, నెట్‌వర్క్ పనిముట్లు ఒకే సోర్స్ చెట్టులో, ఒకే ప్రాజెక్టు చేతిలో ఉంటాయి. అది బేస్. వెబ్ సర్వర్, డేటాబేస్ లాంటివి ‘పోర్ట్స్’ అనే ప్యాకేజీల సంకలనం నుంచి వచ్చి చేరే వాటాదార్లు. రిలీజ్‌లో బేస్ కదలదు. పోర్ట్స్‌కు మాత్రం మూడు నెలలకో కొత్త శాఖ తెరుస్తారు. కాబట్టి ఫ్రీబీఎస్‌డీ స్థిరమైనదనేవారిని ‘ఇల్లా, వాటాలా?’ అని అడగాలి. పై సాఫ్ట్‌వేర్ ఏళ్ల తరబడి కదలకూడదనుకునేవాడికి డెబియన్ హామీయే పెద్దది. ఇందులో నాకు శంక లేదు.

అయితే మెషీన్‌లో కాకుండా మనిషి చేతివేళ్లలో ఉండే స్థిరత్వం ఇంకొకటుంది. 2015లో డెబియన్ 8 రాగానే సర్వీసుల పెత్తనం సిస్టమ్‌డీ చేతికి పోయింది. ఆ మార్పు మీద రేగిన గొడవలోంచే డెవువాన్ అనే వేరుకుంపటి పుట్టింది. 2017లో డెబియన్ 9ని కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకున్నవారికి నెట్‌వర్క్ కార్డుకు ఈత్‌0 అన్న పాత పేరు కనిపించలేదు, ఆ స్థానంలో నోరు తిరగని పేరొకటి కనిపించింది. నెట్‌వర్క్ సరిచేసే పాత ఆదేశం ఐఎఫ్‌కాన్ఫిగ్ మూలకు పోయింది. ఫ్రీబీఎస్‌డీలో ఇరవయ్యేళ్ల కిందట నేర్చుకున్న ఐఎఫ్‌కాన్ఫిగ్, అమరికల ఫైల్ ఆర్‌సీ.కాన్ఫ్ ఇవాళ్టికీ అన్నం పెడుతున్నాయి. ప్యాకేజీల విషయంలో మాట నిలబెట్టుకున్న డెబియన్, అలవాట్ల విషయంలో అంత పట్టింపు చూపలేదు. విడుదలకూ విడుదలకూ మధ్య కదలనిది, విడుదల దాటేటప్పుడు నిర్మొహమాటంగా కదులుతుంది.

ఇక తప్పుల దగ్గరికి వద్దాం. 2006లో కోడ్‌లో తప్పులు వెతికే వాల్‌గ్రిండ్ హెచ్చరికల నోరు మూయించడానికి డెబియన్‌లో గుప్తీకరణ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్ నుంచి ఒక ముక్క తీసేశారు. దాంతో తాళంచెవుల తయారీలో యాదృచ్ఛికతకు మిగిలిన ఆధారం ప్రాసెస్ నంబర్ ఒక్కటే, అంటే 32,768 అవకాశాలు. అది స్టేబుల్‌లోకి కూడా దిగిపోయి 2008 మే దాకా బయటపడలేదు. ఫ్రీబీఎస్‌డీలోనూ 2014 చివర్లో యాదృచ్ఛిక సంఖ్యల విభాగం దెబ్బతింది. 2015 ఫిబ్రవరిలో కనిపెట్టి, కీలు మళ్లీ తయారుచేసుకోమన్నారు. కానీ అది ప్రయోగ శాఖ ‘కరెంట్’ దాటి ఏ రిలీజ్‌లోకీ రాలేదు. ఒకే జాతి తప్పు, ఒకచోట గడప దాటింది, ఇంకోచోట దాటలేదు. ఇందులో ఫ్రీబీఎస్‌డీ అదృష్టం పాలు లేదనను. అయినా మూల రచయితల కోడ్‌ను తన చేత్తో సవరించే డెబియన్ అలవాటుకు పడిన జరిమానా అది. అంటుకట్టే చేయి తప్పితే చెట్టే పోతుంది.

2023 చివరి వారాల్లో రెండింటికీ ఒకేసారి పరీక్ష వచ్చింది. నవంబర్ 20న ఫ్రీబీఎస్‌డీ 14.0 వచ్చింది. ఆ రోజుల్లోనే, అది వాడే ఫైల్ సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్‌లో, అప్పుడే రాసిన ఫైల్‌ను కాపీ చేస్తే అరుదుగా మధ్యలో సున్నాలు చేరుతున్నాయని తేలింది. అనుమానమంతా కొత్తగా వచ్చిన బ్లాక్ క్లోనింగ్ మీదికి పోయింది. తవ్వితే దోషం ఏళ్లనాటిది, పాత వెర్షన్లలోనూ ఉంది! డిసెంబర్‌లో డెబియన్ 12.3 విడుదలకు సిద్ధమైన రోజునే, అందులోని 6.1.64 కెర్నెల్ ఈఎక్స్‌టీ4 డిస్కుల్లో డేటా పాడుచేస్తుందని తెలిసింది. దీర్ఘకాల కెర్నెల్‌కు ఒక దిద్దుబాటును, దానికి తోడుండాల్సిన మరో మార్పు లేకుండా అంటుకట్టడమే కారణం. డెబియన్ విడుదల ఆపేసి, అప్‌గ్రేడ్ చేయవద్దని నేరుగా చెప్పి, మర్నాడే 12.4 ఇచ్చింది. కొత్తదాన్ని అనుమానించిన చోట పాతది కరిచింది, పాతదాన్ని కాపాడబోయిన చోట కాపాడే పద్ధతే కరిచింది.

కాటు పడ్డాక వెనక్కి రావడంలో ఫ్రీబీఎస్‌డీదే పైచేయి. జెడ్‌ఎఫ్‌ఎస్ మీద బూట్ ఎన్విరాన్‌మెంట్ తీసి పెట్టుకుంటే, అప్‌గ్రేడ్ బెడిసికొట్టినా పాత సిస్టమ్‌లోకి రీబూట్ అయి కూర్చోవచ్చు. డెబియన్‌లో పాత కెర్నెల్ బూట్ మెనూలో మిగిలి ఉంటుంది, అదొక ఊరట. ప్యాకేజీలను పాత వెర్షన్‌కు దించడానికి మాత్రం అధికారిక మద్దతు లేదు.

అన్నీ తూచాక కూడా నెట్‌ఫ్లిక్స్ ఒక చిక్కుముడిగా మిగులుతుంది. మన ఇళ్లకు సినిమాలు పంపే దాని సర్వర్లు ఫ్రీబీఎస్‌డీ మీద నడుస్తాయి. రిలీజ్ మీద కూడా కాదు, ప్రయోగ శాఖను వెంటాడుతూ. చిన్నచిన్న మార్పులను వెంటవెంటనే తీసుకుంటే బగ్ ఎక్కడ దూరిందో త్వరగా దొరుకుతుందని వాళ్ల లెక్క. లెక్క తప్పేమీ కాదు. కానీ అక్కడ ఆ కెర్నెల్ రాసేవాళ్లే జీతగాళ్లు. మా నైట్ షిఫ్ట్‌లో ఉండేది ఒక్క కుర్రాడు, ఐదారు రకాల సర్వీసులు, ఒక ఫోన్. స్టోరేజ్ పెట్టె ఒక్కటే ఇచ్చి చూసుకోమంటే వాడి చేతిలో ఫ్రీబీఎస్‌డీ పెడతాను. మిగతా అన్నింటికీ డెబియనే.