తాడు నిలబడే తీరు

నారతో శిల్పం చేసేవారి కష్టం రాతి శిల్పి కష్టం లాంటిది కాదు. రాయి ముందే నిలబడి ఉంటుంది, అక్కర్లేనిది చెక్కి తీసేస్తే చాలు. కంచు అచ్చులోకి పారి అక్కడే గట్టిపడుతుంది. తాడుకు మాత్రం సొంత రూపమంటూ ఏదీ లేదు. వదిలేస్తే కుప్పగా కూలుతుంది. పీచును ఏరడం దగ్గర మొదలుపెట్టి ప్రదర్శనశాలలో దీపం అమర్చేదాకా ఈ పని చేసేవారు పోరాడేది ఆ కూలిపోయే గుణంతోనే.

ఈ వారం ఒక ప్రదర్శనలో తాళ్ల శిల్పం చుట్టూ నెమ్మదిగా తిరిగిన ఒక పెద్దాయన పక్కనున్న వాళ్లతో, “మా తాత నులకమంచం ఇంతకంటే బిగువుగా అల్లేవాడు” అన్నారు. అది ఎగతాళి కాదు. పని తెలిసిన ఇంట పుట్టిన మనిషి వేసిన తూకం. చేతిపనికీ కళకూ మధ్య గోడ ఎందుకన్నది ఈ కాలమ్ పాత పాట. విని విని విసిగిన పాఠకులు ఉన్నారని కూడా తెలుసు. పెద్దాయన మాట ఆ పాటకు తాళం వేసినట్టే ఉంది. అయితే మాట ఎంతవరకు నిలుస్తుందో తేలాలంటే ఎవరో ఒకరి పనిని మొదటి నుంచి చివరిదాకా చూడాలి. మన దేశంలో అందుకు మృణాలిని ముఖర్జీ పనిని మించినది లేదు.

ఆమె 1949లో బొంబాయిలో పుట్టారు. తల్లి లీలా ముఖర్జీ శిల్పి. తండ్రి బినోద్ బిహారీ ముఖర్జీ శాంతినికేతన్ చిత్రకారుల్లో పెద్ద పేరు. బాల్యం డెహ్రాడూన్‌లోనూ శాంతినికేతన్‌లోనూ గడిచింది. చదువు బరోడాలో. అక్కడ చిత్రలేఖనం పూర్తయ్యాక కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర మ్యూరల్ డిజైన్ నేర్చుకున్నారు. సుబ్రమణ్యన్ స్వయంగా శాంతినికేతన్‌లో బినోద్ బిహారీ శిష్యుడు. అంటే తండ్రి చెప్పిన పాఠం శిష్యుడి చేతుల మీదుగా కూతురికి చేరింది. బజారులో దొరికే సరుకును, పల్లె పనివాళ్ల పద్ధతులను చిన్నచూపు చూడకూడదన్నది సుబ్రమణ్యన్ బోధనలో ముఖ్యమైన భాగం. ఆయన కొంతకాలం అఖిల భారత చేనేత బోర్డులోనూ పనిచేశారు. మట్టి పలకలు, నార, బొమ్మలు, గాజు మీద బొమ్మలు, ఏదీ ఆయనకు తక్కువ కాదు.

తండ్రి సంగతి ఇక్కడ కొంచెం ఆగి చెప్పుకోవాలి. బినోద్ బిహారీకి పుట్టుకతోనే చూపు మందం. 1950ల రెండో సగంలో శస్త్రచికిత్స వికటించి ఆ కాస్త చూపూ పోయింది. అప్పటికి కూతురు చిన్నపిల్ల. ఆయన పని మానలేదు. రంగు కాగితాలు కత్తిరించి అతికించారు, మైనంతో బొమ్మలు చేశారు. 1972లో శాంతినికేతన్‌లోని కళాభవన్ గోడకు పింగాణీ పలకల కుడ్యచిత్రం కూర్చారు. ఆయన దగ్గర చదువుకున్న సత్యజిత్ రాయ్ ఆయన మీద ‘ది ఇన్నర్ ఐ’ అనే డాక్యుమెంటరీ తీసింది ఆ ఏడాదే. వేళ్లతో చూస్తూ రూపం కట్టే మనిషిని కూతురు ఏళ్ల తరబడి దగ్గరుండి చూసింది. తరువాత ఆమె గీత గీయకుండా, నమూనా కట్టకుండా, ముడి వెంట ముడి వేస్తూ పోయే పద్ధతి ఎంచుకుంది. రెండింటికీ సంబంధం ఉందని అనడానికి సాక్ష్యం అక్కర్లేదనిపిస్తుంది, కాదనడానికే కావాలి.

1972లోనే ఢిల్లీ శ్రీధరణి గ్యాలరీలో ఆమె మొదటి సొంత ప్రదర్శన జరిగింది. పెట్టినవి రంగులద్దిన నార పనులు. ఆ తరువాత పాతికేళ్లకు పైగా తాడే ఆమె సరుకు.

తాడు ఎక్కణ్ణుంచి వస్తుంది? మ్యూజియం లేబుళ్లు ఆమె సరుకును ‘హెంప్’ అని రాస్తాయి. మన బజార్లలో ఆ మాట కింద జనుము కూడా చేరిపోతుంది. పచ్చిరొట్టకు చల్లి దుక్కిలో కలియదున్నే జనుము తెలుగు రైతుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అదే జనుమును కోయకుండా ఎదగనిస్తే నార ఇస్తుంది. ఉత్తరాంధ్రలో ఆ స్థానం గోగుది. మొక్క పూతకు వచ్చినప్పుడు కోసి, కట్టలు కట్టి, చెరువులో ముంచి, పైకి తేలకుండా బరువు పెడతారు. నీళ్లలోని సూక్ష్మజీవులు బెరడును పుల్లకు అంటిపెట్టే జిగురును తినేస్తాయి. నీటి వేడిని బట్టి దీనికి రెండు వారాలు అటూఇటూ పడుతుంది. ముందే తీస్తే బెరడు ముక్కలు పీచుకు అంటుకునే ఉంటాయి. ఆలస్యమైతే పీచే కుళ్లి పట్టు తప్పుతుంది. ఎప్పుడు తీయాలో క్యాలెండర్ చెప్పదు. పుల్లను గిల్లి చూసే వేళ్లు చెబుతాయి. తరువాత నడుంలోతు నీళ్లలో నిలబడి నార ఒలిచి, ఉతికి, ఆరేయాలి. ఆ రోజుల్లో చెరువు గట్టు మీద నడిచినవారికి ఆ వాసన మరుపు రాదు.

ఆ చెరువులు ఇప్పుడు చాలావరకు ఖాళీ. నీళ్లు తగ్గాయి, నార ఒలిచే కూలి గిట్టలేదు, ప్లాస్టిక్ పురికొస చవగ్గా వచ్చి పడింది. తిండిగింజలను, చక్కెరను జనపనార సంచుల్లోనే నింపాలని 1987లో కేంద్రం చట్టం తెచ్చింది. ఆ చట్టం గోనెసంచికి ఊపిరి పోసింది. చేత్తో పేనే తాడుకు దానివల్ల ఒరిగిందేమీ లేదు. నార మీద పని చేసే కళాకారులకు ఇది పక్క కథ కాదు. మంచి తాడు దొరక్కపోతే మంచి శిల్పం లేదు. పీచు పొడవుగా లేకపోతే పురి నిలవదు, పురి నిలవకపోతే ముడి జారుతుంది.

కొన్న తాడు కొన్నట్టే పనికిరాదు. కట్టలు విప్పి, లావు సన్నం వేరుచేసి, ముళ్లూ పుల్లలూ ఏరి, రంగుకు దించాలి. జనపనారలో పదో వంతుకు పైగా లిగ్నిన్ ఉంటుంది. కర్రను కర్రలా నిలిపే పదార్థం అదే. వెలుతురు తగిలినకొద్దీ అది పచ్చబడుతుంది, తరువాత గోధుమ రంగుకు తిరుగుతుంది. జనుములో లిగ్నిన్ తక్కువ కాబట్టి రంగు కొంత మేలుగా నిలుస్తుంది. ముఖర్జీ శిల్పాల్లోని వంకాయ రంగు, ఇటుక ఎరుపు, పసుపు, ముదురాకుపచ్చ అన్నీ ముడికి ముందే, తాడుగా ఉన్నప్పుడే ఎక్కించినవి. ముడి పడ్డాక రంగు లోపలికి దిగదు కాబట్టి ఏ రంగు ఎంత కావాలో ముందే అంచనా ఉండాలి. నమూనా గీయని మనిషి ఈ లెక్క మాత్రం వేసుకోక తప్పలేదు.

ఇక అసలు పని. మగ్గం లేదు. ఇనుప చట్రానికి తాళ్లు కట్టి, చేతితో ముళ్లు వేస్తూ పోవడమే. ముడులు దగ్గరయితే అల్లిక బిగిసి చర్మంలా గట్టిపడుతుంది, దూరమయితే వదులై మడతలు పడుతుంది. ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదలాలి అన్నదాంట్లోనే శిల్పమంతా ఉంది. ‘యక్షి’ (1984) ఏడడుగులకు పైగా ఎత్తు. పెదవుల్లా, రేకుల్లా, పొరల్లా విచ్చుకునే ఆ మడతల్లో దేహమూ మొక్కా విడదీయరాకుండా కలిసిపోతాయి. ‘నాగ్ దేవత’, ‘దేవి’, ‘రుద్ర’, ‘వనశ్రీ’ అని పేర్లు పెట్టినా ఇవి ఏ గుడిలోని మూర్తినీ పోలవు. 2000లో చేసిన ‘జౌబా’ ఇప్పుడు లండన్ టేట్‌లో ఉంది. బెంగాలీలో జౌబా అంటే మందారం. మందారం, గోగు ఒకే కుటుంబం మొక్కలని తెలిసిన తెలుగువారికి నారతో మందారం కట్టడం వింతగా తోచదు. ఒక్కో పెద్ద శిల్పానికి నెలలు పట్టేది, కొన్నింటికి దాదాపు ఏడాది. పెద్ద ప్రదర్శనకు సరిపడా పనులు పోగవడానికి ఎన్నేళ్లు కావాలో దీన్నిబట్టి ఊహించవచ్చు.

పెద్దాయన మాట ఇక్కడ గట్టిగానే నిలుస్తుంది. నులకమంచం అల్లేవాడి చేతిలో బిగువు ఎక్కువ, వేగం ఎక్కువ, లెక్క ఖచ్చితం. ముడిలో నేర్పు మాత్రమే కొలత అయితే ముఖర్జీ మంచం అల్లేవాడి తరువాతే. ఇక్కడితో ఆగితే ఈ కాలమ్ పాత పాట మరోసారి గెలిచినట్టే. కానీ మంచంలో బిగువుకు ఒక కారణం ఉంది. మంచం మనిషిని మోయాలి. నులక సాగుతుందని అల్లినవాడికి ముందే తెలుసు. అందుకే కాళ్ల వైపు కొంత ఖాళీ వదిలి, మళ్లీ మళ్లీ లాగి బిగించడానికి తాడు విడిగా కడతాడు. బాగుచేయడం ఆ వస్తువు పుట్టుకలోనే ఉంది. నులక పూర్తిగా చెడితే విప్పి కొత్తది అల్లినా అది అదే మంచం. ‘యక్షి’ మొయ్యాల్సింది తన బరువునే. అందులో వదులు అనేది లోపం కాదు, రూపమే అది. ఒక మడతను లాగి బిగిస్తే బాగుపడదు, ఇంకోటి అయిపోతుంది. విప్పి తిరిగి కడితే అది ‘యక్షి’ కాదు. చేతిపని, కళ ఒకే చెరువు నార కావచ్చు. కానీ ఒకటి మార్పుకు తలుపు తెరిచి ఉంచుతుంది, మరొకటి మూసేస్తుంది. గోడ పూర్తిగా ఎవరో పనిలేనివాళ్లు కట్టింది కాదు. కొంత భాగం సరుకు వాడకంలోంచే లేచింది. ముఖర్జీ తనను శిల్పిగానే చూడాలని పట్టుబట్టడంలో అహంకారం వెతికినవారు ఈ సంగతి గమనించలేదు.

పోలండ్‌లో మాగ్దలేనా అబకనోవిచ్ (1930–2017) కథ కూడా ఈ దారిలోనే నడిచింది. రేవుల్లో పారేసిన పాత సిసల్ మోకులు తెచ్చి, పురి విప్పి, కడిగి, రంగువేసి, నేసి, మనిషిని మించిన ఆకారాలుగా పైనుంచి వేలాడదీశారు. ఆమె ఇంటిపేరు మీదే వాటిని ‘అబకాన్’లన్నారు. 1962లో మొదలైన లోజాన్ టేపెస్ట్రీ బియెన్నాలే ఈ తరానికి వేదిక అయింది. గోడకు ఆనుకుని ఉండే నేత గోడ వదిలి గది మధ్యకు వచ్చింది అక్కడే.

గది మధ్యకు వచ్చిన నారను చూపించడం వేరే విద్య. గాలిలో తేమ పెరిగితే పీచు తాగుతుంది, తగ్గితే వదులుతుంది. ఈ రెండింటి మధ్య శిల్పం కొద్దికొద్దిగా సాగుతుంది. వెలుతురు విషయంలో నారకు, బట్టకు మ్యూజియంలు పాటించే హద్దు 50 లక్స్. మామూలు ఆఫీసు గదిలో 300కు తక్కువ ఉండదు. మసక వెలుతురులో మడతల లోతు కనపడాలంటే దీపం పక్కనుంచి పడాలి, ఎదురుగా పడితే శిల్పం గోనెపట్టాలా చప్పబడిపోతుంది. దుమ్ము ముడుల్లో చేరుతుంది. సన్నటి జాలీ అడ్డం పెట్టి మెల్లగా పీల్చాలి, దులపకూడదు. పురుగు పట్టిందని అనుమానం వస్తే గాలి చొరకుండా చుట్టి, గడ్డకట్టే చలిలో రోజుల తరబడి ఉంచుతారు. ఆరుబయట నిలపాలంటే నార అసలు నిలవదు. 1997లో మహాబలిపురం వచ్చిన అమెరికా కళాకారిణి జానెట్ ఎకెల్‌మన్ అక్కడి జాలర్ల వలలు చూసి వల శిల్పాలు మొదలుపెట్టారు. నగరాల మీద వేలాడే ఆమె తరువాతి పనులన్నీ ఎండావానలు తట్టుకునే కృత్రిమ పోగులతో చేసినవే. ముట్టుకోవద్దన్న బోర్డు మీద ఈ కాలమ్‌కు ఎప్పుడూ చిరాకే. నార శిల్పం ముందు మాత్రం ఆ బోర్డు ఉండాల్సిందే: అరచేతి చెమట, నూనె పీచులోకి ఇంకితే తీయడం కుదరదు.

గుర్తింపు ముఖర్జీకి నెమ్మదిగా వచ్చింది. 1986లో సిడ్నీ బియెన్నాలే, 1994లో ఆక్స్‌ఫర్డ్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో సొంత ప్రదర్శన. 1990ల నడిమి నుంచి ఆమె పింగాణీ వైపు, 2000ల మొదట్లో కంచు వైపు మళ్లారు. చేత్తో మైనాన్ని మలిచి పోతపోసిన ఆ కంచుల్లోనూ తాటాకు మడతలే. 2015 జనవరి చివర్లో ఢిల్లీ నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఆమె జీవితకాలపు పని ఒక్కచోట చేర్చి ప్రదర్శన పెట్టారు. అది మొదలైన కొద్ది రోజులకే, ఫిబ్రవరిలో, ఆమె చనిపోయారు. 2019లో న్యూయార్క్ మెట్ బ్రాయర్‌లో, 2022లో వెనిస్ బియెన్నాలేలో తాడు శిల్పాలు మళ్లీ నిలబడ్డాయి, ఈసారి వాటిని కట్టిన చేతులు లేకుండా. రాతి విగ్రహాన్ని పీఠం మీద దింపితే పని అయిపోతుంది. ఇక్కడ పెట్టెలోంచి తీసిన తాడు ఏ మడత లోపలికి, ఏ మడత బయటికి అన్నది ఎవరో నిర్ణయించాలి. గీసుకున్న నమూనా లేని పనికి పాత ఛాయాచిత్రాలే ఆధారం. ఫొటోలో కనిపించేది ఒక వైపే కాబట్టి వెనక వైపు సంగతి అమర్చేవారి చేతికే వదిలేయాల్సి వస్తుంది.