చెడిన యంత్రాన్నే పరీక్షకునిగా చేసే విద్య

ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకుని, ఆ ఊరి పేరునే తన పేరులో నిలుపుకున్న టీడీసీ-12 కంప్యూటరును హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ 1969లో వెలువరించగా, ఆ వరుసలోనే 1975లో టీడీసీ-316 వచ్చింది. ఇవి మినీకంప్యూటర్ల తరానికి చెందినవి. ఆ తరం యంత్రాలను కాపాడినవారికి తప్పనిసరి అయిన విద్య డయాగ్నోస్టిక్స్, అనగా యంత్రంలోని దోషాన్ని ఆ యంత్రం చేతనే చెప్పించే ప్రోగ్రాములను నడపటం. చెడిందేమో అని అనుమానించిన యంత్రం మీదనే దానిని పరీక్షించే ప్రోగ్రామూ నడవాలి గనుక, ఈ చిక్కును విప్పిన తీరులోనే ఆ విద్య గొప్పతనమంతా ఉంది.

అమెరికాలో 1965లో వచ్చిన పీడీపీ-8 పద్ధతి దీనికి చక్కని ఉదాహరణ. ముందుగా యంత్రం ముందు పలకపై ఉన్న స్విచ్చులతో సుమారు 16 పదాల చిట్టి ప్రోగ్రామును చేత్తో మెమరీలోకి ఎక్కిస్తారు. అది కాగితపు టేపు నుండి మరింత సమర్థమైన లోడరును తెస్తుంది. ఆ లోడరు అసలు పరీక్షను తెచ్చి, చదివినవాటి మొత్తాన్ని టేపు చివర ఉన్న మొత్తంతో సరిచూస్తుంది. ఆదేశాలను పరీక్షించే ప్రోగ్రాము తొలుత అతి సరళమైన ఆదేశాలను మాత్రమే వాడి, అవి నెగ్గాకనే వాటి ఆసరాతో తరువాతి వాటిని పరీక్షిస్తుంది. తేడా కనిపిస్తే ప్రింటు చేయబోదు, ఎందుకంటే ప్రింటు చేయటానికి ఇంకా పరీక్షించని భాగాలెన్నో పనిచేయాలి; అందుకే ఉన్నచోటనే ఆగిపోతుంది. అప్పుడు దీపాల్లో వెలిగిన చిరునామాను ఆ ప్రోగ్రాము అచ్చు ప్రతిలో వెతికితే, తప్పిన ఆదేశం ఏదో తెలుస్తుంది.

మెమరీ పరీక్షలు ఇంకా సూక్ష్మమైనవి. ఎమ్మిగనూరు మగ్గంపై పడుగూ పేకా కలిసినట్టే, కోర్ మెమరీలో నిలువు అడ్డు తీగలు కలిసే ప్రతిచోటా ఒక ఫెర్రైట్ ఉంగరం ఉంటుంది. 4096 పదాల మెమరీలో ఒక్కొక్క బిట్‌కు 64 వరుసల్లో 64 చొప్పున ఉంగరాల పలక ఒకటి కావాలి. ఒక ఉంగరాన్ని చదివినప్పుడల్లా, అదే తీగల మీదున్న మిగతా ఉంగరాలు కూడా సన్నని విద్యుత్ సద్దు చేస్తాయి. ఆ సద్దులు ఒకదానినొకటి చెరుపుకునేలా చదివే తీగను అల్లేవారు గానీ, పరీక్ష మాత్రం అవన్నీ కూడి పెరిగేలా సున్నలను, ఒకట్లను పేర్చి, బలహీనమైన యాంప్లిఫయరు సున్నను ఒకటిగా పొరబడుతుందేమో చూస్తుంది. చిరునామా పరీక్షలో ప్రతి గడిలో దాని చిరునామానే రాసి తిరిగి చదువుతారు. రెండు చిరునామాలు ఒకే గడికి దారితీస్తుంటే, తరువాత రాసినది ముందుదానిని చెరిపి దొరికిపోతుంది.

పీడీపీ-8 తరువాత వచ్చిన పీడీపీ-11 పరీక్షల్లో స్విచ్చులతోనే తప్పు దగ్గర ఆగమనీ, ఆ పరీక్షనే తిరిగి తిరిగి చేయమనీ ఆదేశించవచ్చు. ఇలా తిప్పటం వల్ల క్షణంలో మాయమయ్యే సంకేతం ఆసిలోస్కోపు తెరపై నిలకడగా కనిపిస్తుంది. ఈ ప్రోగ్రాముల అచ్చు ప్రతులే ఆ యంత్రాల స్వభావాన్ని తెలిపే అసలైన గ్రంథాలనటం అతిశయోక్తి కాదు. పాత యంత్రాలను అనుకరించే సిమ్‌హెచ్ వంటి సాఫ్ట్‌వేరు సరిగా నడుస్తున్నదీ లేనిదీ తేల్చటానికి నేటికీ వీటినే నడుపుతారు.

అయితే విడివిడి పరీక్షలన్నీ నెగ్గినా, డిస్కూ మెమరీ ఒకేసారి పనిలో ఉన్నప్పుడు తడబడే యంత్రాలుంటాయి. వాటికోసమే అన్ని భాగాలనూ కలిపి గంటల తరబడి పనిచేయించే డెక్ ఎక్స్-11 వంటి పరీక్ష వేరుగా పుట్టింది.