అవన్ బల్బు వెలుగులో పెరుగు

జనవరిలో కెనడాలోని వాటర్లూ చలి మైనస్ 15కి దిగిన రాత్రి, ఇక్కడి తెలుగు వంటింట్లో ఒకావిడ కాచి చల్లారబెట్టిన పాలలో చిటికెన వేలు ముంచి చూస్తుంది. వేలు చురుక్కుమనకూడదు, చల్లగానూ తగలకూడదు. థర్మామీటరు పెడితే నలభై చిల్లర డిగ్రీలు. ఆవిడకు ఆ అంకెతో పనిలేదు. ఒంటారియోలో సంచుల్లో అమ్మే పాలు, ఒక్కో సంచి 1.33 లీటర్లు. స్పూను పెరుగు చిలికి పాలలోకి జారవిడిచి, రెండుసార్లు తిరగబోసి, మూతపెట్టి అవన్‌లో దాస్తుంది. మంట వెలిగించదు, లోపలి బల్బు ఒక్కటే. మన ఊళ్లో వంటిల్లే అంత వెచ్చన. ఇక్కడ ఆ బల్బే ఎండాకాలం. ఇక గిన్నె కదపకూడదు. లాక్టోబాసిల్లస్ లాంటి సూక్ష్మజీవులు రాత్రంతా పాలలోని లాక్టోజ్ చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపుకు కేసీన్ గడ్డకడుతుంది. పాలు పడని చాలామందికి పెరుగన్నం పడేది ఇందుకే: చక్కెర కొంత అవి ముందే తినేశాయి, మిగతాది అరిగించే ఎంజైమునూ వెంట తెస్తాయి. అయితే ఇవి పేగుల్లో కాపురం పెట్టేవి కావు, చాలావరకు చుట్టపుచూపుగా వచ్చిపోతాయి. కాపురముండేవి వేరే, పప్పూ కూరల్లోని పీచును పులియబెట్టి పెద్దపేగు గోడకు తిండి పెడతాయి. అసలు ఆ పాలే సూక్ష్మజీవుల పుణ్యం. ఆవు పొట్ట మొదటి గదిలో అవి గడ్డిని పులియబెట్టకపోతే పాలెక్కడివి! పొద్దున మూత తీస్తే గిన్నె వంచినా జారని పెరుగు, పైన మీగడ. అన్నంలో కలిపేముందే ఆవిడ ఒక స్పూను తీసి చిన్న గిన్నెలో పక్కన పెడుతుంది, రేపటి తోడుకు.